ఆకుపచ్చ తెర మీద నెమలికంఠం చీర

కనకలక్ష్మి చేసిన వెబ్‌సైటును బుల్లిబాబు మెచ్చుకున్నంతగా, ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో హైదరాబాదులో ఏ మొగుడూ పెళ్ళాం పనిని మెచ్చుకుని ఉండడు. సాయంత్రం బాలానగర్‌లోని పంపుసెట్ల కంపెనీ నుంచి చందానగర్‌లోని అద్దెవాటాకి చేరి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టేవాడు.

"ఇవాళా చూశానే నీ పేజీ. ఆ రంగులేమిటే బాబూ! కళ్ళు తిప్పుకోలేకపోయాననుకో."

"ఏది బాగుందండీ, మెరూన్ రంగుదా, చిలకపచ్చదా?" అని ఆవిడ ఆశగా అడిగేది.

"దేనికదే!"

ఆ మాటకి కనకం పొంగిపోయేది. పొంగదూ మరి! పెళ్ళయిన పదేళ్ళకి, కాకినాడ నుంచి వచ్చిన మనిషి, అమీర్‌పేటలో కుర్రపిల్లల మధ్య కూర్చుని కంప్యూటరు నేర్చుకుంది. నేర్చుకోమని పోరుపెట్టింది బుల్లిబాబే. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడలో ఒక చిన్న కంపెనీ ఆవిడకి ఉద్యోగమిచ్చింది. అక్కడ పిల్లలంతా ఆవిణ్ణి ఆంటీ అనేవారు. ఆవిడ పని బాగుందని గానీ, బాగాలేదని గానీ ఒక్కరూ అనేవారు కాదు. ఆవిడకి ఉన్న ధైర్యమల్లా ఇంట్లో వినిపించే ఆ 'దేనికదే'.

ఆవిడ ఒంటిచేత్తో చేస్తున్న మొదటి సైటు అది. అయినంతవరకూ ఎప్పటికప్పుడు నెట్‌లో పెడుతోంది. సుల్తాన్ బజారులో చీరల షాపువాళ్ళది. పరాయి దేశాల్లో ఉన్న తెలుగు ఆడవాళ్ళు చూసి, ఫోన్ చేసి తెప్పించుకుంటారని వాళ్ళ ఆశ. అప్పట్లో ఇంటర్నెట్ చూసే బ్రౌజర్లు రెండు రకాలు, రెండూ ఉప్పూ నిప్పూ. ఒకదాంట్లో కుదురుగా నిలబడ్డ చీర రెండోదాంట్లో పక్కకి జారిపోయేది. రెంటిలోనూ సరిగ్గా నిలబెట్టేసరికి కనకానికి తాతలు దిగొచ్చారు. ఇంత చేసీ, మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూపించే యోగం లేదు. ఆఫీసులోకి బయటివాళ్ళని రానివ్వరు, ఇంట్లో కంప్యూటరు లేదు. నెట్ సెంటరుకి వెళ్దాం రమ్మంటే, "దండగెందుకే, మా ఆఫీసులో రోజూ చూస్తున్నాగా!" అనేవాడు.

సైటును సోమవారం షాపువాళ్ళకి అప్పగించాలి. తర్వాత దాని మీద చెయ్యి వేసే హక్కు ఇక ఆవిడకి ఉండదు.

ఆ ముందు బుధవారం కనకం ఆఫీసుకి సెలవు. మొగుడు పని నుంచి దిగేవేళకి బాలానగర్ వెళ్తే, అట్నించి అటే కూకట్‌పల్లిలో మిక్సీ కొనుక్కుందామని అనుకున్నారు. ఆవిడ వెళ్ళేసరికి బుల్లిబాబు సీట్లో లేడు. కంపెనీలో అటెండరు కొమురయ్య ఎదురొచ్చాడు.

"సారు లోడింగ్ కాడ ఉన్నడమ్మా, జర కూసోండ్రి. గా చీరల పని జేసింది మీరేనా? సారు రోజు తీసి చూస్తడు. ఎవలొచ్చినా పిలిచి చూపిస్తడు. 'మా ఇంటామె చేసింది' అంటడు. మాకేం సమజైతదమ్మా, మంచిగున్నది సారూ అంటం."

అంటూ బుల్లిబాబు బల్ల మీది కంప్యూటరు ఆవిడ వైపు తిప్పాడు.

నల్లటి తెర. దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. ఆర్డర్ల ఉత్తరాలు పంపుకోవడానికి కంపెనీ చవకలో తీసుకున్న కనెక్షన్ అది. అందులో అక్షరాలు తప్ప బొమ్మన్నది రాదు. మెరూన్ లేదు, చిలకపచ్చ లేదు, చీరలే లేవు. బొమ్మ ఉండాల్సిన ప్రతిచోటా ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్ అని పైనుంచి కిందిదాకా ఒకటే మాట, అంతే.

కనకానికి ముందు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేశాడా ఈ మనిషి! తర్వాత ఆ తెర వైపు మళ్ళీ చూసింది. ఏమీ కనిపించని ఈ పేజీని తెరిచి, పదిమందినీ పిలిచి, మా ఇంటామె చేసింది అని చెప్పుకున్నాడు. ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు నిండాయి. కొమురయ్య చూస్తాడని దుమ్ము పడ్డట్టు తుడుచుకుంది.

మిక్సీల కొట్లో ఏ రంగు కావాలని కుర్రాడు అడిగితే, "మా ఆవిణ్ణి అడగవయ్యా, రంగులంటే ఆవిడ తర్వాతే ఎవరైనా" అన్నాడు బుల్లిబాబు గర్వంగా. ఆ క్షణాన కనకానికి మొగుణ్ణి ఒక్క మొట్టికాయ వెయ్యాలనీ అనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ కొట్లో చేసే పనులు కావు కాబట్టి తెల్ల మిక్సీ తీసుకుంది. నిజం కక్కిస్తే ఆయన చిన్నబోతాడు. అడక్కూడదు. ఆయన కంటికి నా పని కనిపించాలి, అది కూడా సోమవారం లోపలే అనుకుంది.

మర్నాడు ఆఫీసుకి వెళ్తూనే కంపెనీ యజమాని నరేందర్ గదిలోకి వెళ్ళింది. ఆవిడకన్నా చిన్నవాడు, మంచివాడే గానీ ఎప్పుడూ నిప్పులు తొక్కినట్టు హడావిడిగా ఉంటాడు.

"సర్, చీరల సైటు అక్షరాల తెర మీద అస్సలు కనిపించట్లేదండీ. మార్చాలి."

"గిప్పుడా? సోమారం డెలివరీ పెట్టుకొనా?" నరేందర్ కుర్చీలోంచి లేచాడు. "కింద 'పెద్ద కలర్ మానిటర్ల చూడండి' అని ఒక లైన్ ఎయ్యండ్రి మేడం, అయిపాయె. అందరు గట్లనే ఏస్తున్నరు."

"అందరూ వేస్తున్నారనే కదండీ, చూడలేనివాళ్ళు నోరు మూసుకుని ఊరుకుంటున్నారు. వెబ్ పేజీలకి నియమాలు రాసినవాళ్ళు ప్రతి బొమ్మకీ వెనకాల, బొమ్మ రానప్పుడు కనిపించేలా, మాట ఉండాలనే రాశారు. మనమే బద్ధకించి వదిలేశాం."

"అక్షరాల తెర ఇంకా ఎవని దగ్గరున్నది మేడం, అమెరికాల?"

"బాలానగర్‌లో ఉందండీ."

నరేందర్ ఆవిడ మొహం చూశాడు. ఆంటీ గొంతు అంత గట్టిగా వినడం అతనికదే మొదటిసారి. "సరే జేస్కోండ్రి. గని అక్కడున్న చీర బొమ్మ ఒక్కటి జరగొద్దు. నన్ను పరేషాన్ జెయ్యకుండ్రి" అన్నాడు.

కనకం కొంగు బిగించింది. బొమ్మలుగా ఉన్న మీటలన్నిటినీ మాటలుగా మార్చింది. పెద్ద తెరకే సరిపోయేలా బిగించిన పేజీని, ఎంత చోటుంటే అంతలో సర్దుకునేలా వదులు చేసింది. అసలు తంటా చీరల దగ్గర వచ్చింది. ఒక్కో బొమ్మ వెనకా ఆ చీరేమిటో మాటల్లో చెప్పాలి. బ్లూ శారీ, రెడ్ శారీ అని రాసి చూసుకుంటే ఆవిడకే నీరసం వచ్చింది. ఇలా చెప్తే ఎవరు కొంటారు, నా మొహం! బుల్లిబాబు ఎదురుగా కూర్చుని అడుగుతున్నట్టు ఊహించుకుని, ఇంగ్లీషు అక్షరాల్లోనే మన మాటలు రాసుకుంటూ పోయింది. వంగపండు రంగు గద్వాల చీర, అంచున సన్నటి జరీ, పైటంతా మామిడిపిందెలు. నెమలికంఠం రంగు ఉప్పాడ చీర, వెలుతురులో ఒకవైపు నీలంగా, ఇంకోవైపు ఆకుపచ్చగా మెరుస్తుంది, కట్టుకుంటే ఒంటి మీద బరువే తెలియదు. ఆ చీర గురించి రాస్తున్నప్పుడు చెయ్యి కాస్త నిదానించింది. బొమ్మ చూసిన రోజునుంచీ దాని మీద ఆవిడకి మనసుంది.

శుక్రవారం సాయంత్రానికి పని ముగించింది. ఇంట్లో మాత్రం నోరు మెదపలేదు.

శనివారం సాయంత్రం బుల్లిబాబు చెప్పులు విడిచాడు గానీ మాట్లాడలేదు. కాఫీ తాగాడు, గ్లాసు కడిగి బోర్లించాడు. కనకం ఆయన మొహమే చూస్తోంది. ఇవాళ సైటు తెరవలేదా? తెరిచినా కనిపించలేదా?

"కనకం," అన్నాడు చివరికి. "ఒక మాటంటాను, ఏమీ అనుకోవు కదా?"

"చెప్పండి."

"నీ పేజీలో ఒక తప్పుందే."

పెళ్ళయ్యాక ఆ మనిషి నోట తప్పన్న మాట ఆవిడ వినడం ఇదే మొదటిసారి.

"చీరల గురించి రాసిందంతా చదివాను. ఎంత బాగా రాశావే! కొమురయ్యకి కూడా చదివి వినిపించాను. అంతా బాగుంది గానీ, ఫోన్ నంబరేదీ? కిందికీ మీదికీ వెతికాను. కొనాలనుకున్నవాడు ఎవరికి చెయ్యాలి?"

"ఎందుకు లేదూ, అడుగున పెద్దగా బంగారు రంగులో..." అనబోయి కనకం ఆగిపోయింది. షాపు పేరూ నంబరూ కలిపి అందంగా ఒక్క బొమ్మగా చేసింది. దాని వెనక షాపు పేరు మాత్రమే రాసి ఊరుకుంది. నంబరు ఆ బొమ్మలోనే ఉండిపోయింది.

"అయ్యో రామ! అవునండీ!" అని నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మొగుడు తప్పు పట్టినందుకు ఇంత సంతోషపడ్డ ఆడది ఈ భూప్రపంచంలో ఇంకొకతె ఉండదు. చూశాడు! ఈసారి నిజంగా చూశాడు.

"నవ్వుతావేంటే? ఇన్నాళ్ళూ నేను..." బుల్లిబాబు తల దించుకున్నాడు. "మా తెర మీద..."

"నాకు తెలుసులెండి, ఊరుకోండి. ఇంతకీ ఆ నంబరు మీకెందుకు?"

"ఆ నెమలికంఠం చీర ఉందో, అమ్ముడైపోయిందో కనుక్కుందామని." బుల్లిబాబు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ చెప్పాడు. "నీకు బాగుంటుందనిపించింది."

కనకం లేచింది. చెప్పులు వేసుకుని, సందు చివర ఎస్టీడీ బూత్‌కి గబగబా నడిచి నరేందర్‌కి ఫోన్ చేసింది.

"సర్, సైటులో ఒక తప్పు దొరికిందండీ. అడుగున ఫోన్ నంబరు అక్షరాల్లో పెట్టలేదు. రేపు వచ్చి సరిచేస్తాను."

"మంచిగ పట్టిండ్రు మేడం! కస్టమర్‌కు నంబరే లేకపోతే ఇగ అంతే సంగతులు. ఎవలు చూసిండ్రు?"

బూత్‌లో తమ వంతు కోసం నిలబడ్డవాళ్ళకి కూడా వినిపించేలా చెప్పింది కనకం.

"మా ఆయన చూశారండీ."