మిరుదొడ్డి మోటరు, గజేందర్ సారు దావత్

సిద్దిపేటలోని పాల సంఘం ఆఫీసుకు "అందరికీ" అని ఒక మెయిల్ చిరునామా ఉంది. దానికి ఒక్కసారి రాస్తే చాలు. చిన్నకోడూరు, నారాయణరావుపేట, మిరుదొడ్డి చిల్లింగ్ సెంటర్లలో పనిచేసేవాళ్ళకూ, పైన కూర్చునే డైరెక్టర్లకూ ఒకేసారి చేరుతుంది. పొద్దున్నే గులాబీ పువ్వుల బొమ్మలు పంపేవాళ్ళు ఉన్నారు. తప్పిపోయిన మేక కోసం రాసినవాళ్ళూ ఉన్నారు. మేనేజర్ గజేందర్‌కు వీటితో ఏ బాధా లేదు. పువ్వులు ఎవరినీ ఏమీ అడగవు కదా.

బాధ వనజతో వచ్చింది. మిరుదొడ్డి సెంటర్లో పాలు పరీక్షించేది ఆమె. అక్కడ బోరు మోటరు కాలిపోయి ఆడవాళ్ళ బాత్రూంలో చుక్క నీళ్ళు లేవు. పాల క్యాన్లు కడగడానికి ట్యాంకర్ వస్తుంది. మనుషులకు రాదు. మేనేజర్‌కు విడిగా రాసినన్నాళ్ళూ "చూద్దాం" అని జవాబు. విసిగిపోయి "అందరికీ" రాసింది. ఒక డైరెక్టరు "ఇదేంది గజేందర్?" అని అందరి ముందే అడిగాడు. దాంతో మోటరు బాగయిందనుకుంటున్నారా? గజేందర్ బాగుచేసింది మెయిల్‌ని.

ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే మునీరాను పిలిచాడు.

"మునీరా, ఇగ 'అందరికీ' అని ఎవ్వరు రాసినా సక్కగ పోవద్దు. నీ దగ్గర ఆగాలె."

"ఆగినంక సార్?"

"ఆగినంక ఏముంటది? ఆగాలె, అంతే."

"ఎవరిదైనా?"

"ఎవరిదైనా! మళ్ళ మళ్ళ అడగకు, నాకు బీపీ లేస్తది."

ఆ సాయంత్రమే వనజ రెండో మెయిల్ వచ్చి ఆగింది. వెంటనే ఫోను మోగింది.

"మునీరక్కా, నా మెయిల్ మింగినవా?"

"మింగలేదు తల్లీ, నోట్ల పెట్టుకొని కూసున్న. సారు బయటికి కక్కొద్దన్నడు."

"నవ్వులాటనా అక్కా? చీకటి పడేదాంక కడుపు పట్టుకొని కూసుంటున్నం. మాతోని పనిచేసే యాదలక్ష్మి అయితె పొద్దటి సంది నీళ్ళు తాగుడే బంద్ జేసింది."

మునీరా ఆ మెయిల్‌ను తీసెయ్యకుండా వరుసలో ముందు ఉంచింది.

ఇంతలో గజేందర్ కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారానికి దావత్, అంటే విందు, పెట్టుకున్నాడు. మామూలుగా ఆయన సర్క్యులర్లన్నీ మునీరాయే టైపు కొట్టి కాగితం మీద పంచుతుంది. దావత్ పిలుపు అట్లా కుదరదు. పిలుపు ఇంటాయన నోటితోనే రావాలి. ఇంకొకరితో చెప్పిస్తే "ఆయన పిలిచిండా, ఈమె పిలిచిందా?" అని ముఖం తిప్పుకుంటారు. అందుకని తన ఫోనులో తానే బొటనవేలితో తిప్పలు పడి "ఆదివారం మా కొత్తింట్ల దావత్, అందరు రావాలె" అని "అందరికీ" పంపాడు. ఆ చిరునామాకు గడియ వేయించింది తానేనని గుర్తే లేదు. గడియలు వేయించేవాళ్ళకు అవి తమకు అడ్డం రావని గట్టి నమ్మకం.

పిలిచినవాళ్ళకు "వస్తం" అని చెప్పడం మర్యాద. శుక్రవారం దాకా ఒక్కరూ చెప్పలేదు. గజేందర్‌కు అన్నం సయించలేదు. మునీరా బల్ల చుట్టూ తిరిగాడు.

"ఆదివారం ఏం జేస్తున్నవ్ మునీరా?"

"బట్టలు ఉతుక్కుంట సార్."

"గంతేనా? ఇంకేం లేదా?"

"ఎండ మంచిగుంటె దుప్పట్లు గూడ."

గజేందర్ కుర్చీలో కూలబడ్డాడు. "కూరకు యాటలు గూడ మాట్లాడి పెట్టిన. ఒక్కలన్న వస్తమంటలేరు. నేను గంత చెడ్డోన్నా?"

మునీరాకు జాలేసింది. "మీరు చెడ్డోళ్ళేం కాదు సార్. మీ మెయిల్ నా దగ్గరే ఆగింది."

"నాదా! ఎందుకాపినవ్?"

"ఎవరిదైనా అన్నరు. అడగొద్దన్నరు, బీపీ లేస్తదని."

"ఇప్పుడు లేస్తున్నది! వదులు!"

"వదులుత. కని వరుస ఉన్నది సార్. మీకంటె ముందు వనజ నిలబడ్డది."

"ఆమెది తర్వాత చూద్దాం."

"అట్లయితె మీదిగూడ చూద్దాం సార్. నీళ్ళు తాగుడు బంద్ జేసినోళ్ళు మీ యాటకూర ఎట్ల తింటరు?"

గజేందర్ ఫ్యాను వైపు చూశాడు. "రెండూ వదులు" అని గొణిగాడు.

వనజది ముందు పోయింది, ఆయనది వెనక. కాసేపటికి వనజ జవాబు వచ్చి ఆగింది. మునీరా ఈసారి ఎవరినీ అడగకుండానే వదిలేసింది.

"సార్, మిరుదొడ్డి ఆడోళ్ళం అందరం దావత్‌కు వస్తున్నం. మీ కొత్తింట్ల బాత్రూంలు మస్తుగ కట్టిచ్చిన్రట, సంతోషం. మోటరు బాగుకాకపోతె సోమవారం సంది రోజూ ఆడికే వస్తం."

ఇంటిదాకా వస్తామంటే ఎవరైనా కదులుతారు. ఆఫీసులో కూర్చొని ఏడిస్తే కదలరు. శనివారం పొద్దున్నే మెకానిక్ కొత్త మోటరుతో మిరుదొడ్డిలో దిగాడు. మధ్యాహ్నం గజేందర్ స్వయంగా వనజకు ఫోను చేశాడు.

"నీళ్ళొచ్చినయా అమ్మా?"

"వచ్చినయ్ సార్. యాదలక్ష్మి రెండు చెంబులు తాగింది."

"మంచిది, మంచిది. మరి రేపు..."

"రేపు మాత్రం వస్తం సార్. దావత్‌కు."