మినుకుకు పురుగుల భయం

కొంటాలో కిరాణా కొట్టు నడిపే దుర్గాభవాని చదువు ఏడో తరగతితోనే ఆగిపోయింది. కూతురు చందన పుస్తకాలు పక్కన పడేసి ఫోన్‌లో జీవుల పోరాటాల ఆట ఆడుతుంటే ఆమె గుండెల్లో రాయి పడింది.

చందన పెంచిన జీవి పేరు మినుకు. అది తాకకుండానే, మనోబలంతోనే ఎదుటి జీవిని కూలుస్తుంది.

"దీనికి పురుగులంటేనే భయమమ్మా, నీ లెక్కనే. సాయంత్రం బాబాయితో పోటీ ఉంది, ఆయనకు చెప్పకు," తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఆటంతా వివరించాక అంది చందన ఆమె చెవిలో.

ఓడితేనైనా ఆట మానుతుందనుకుంది దుర్గాభవాని. ఇప్పపువ్వు తూకం వేస్తూ మరిది ప్రేమ్‌కుమార్‌తో, "పురుగు జాతి దాన్ని దింపు," అని చెప్పేసింది.

"ఏంది వదినా, బిడ్డ గుట్టు నాకు చెప్తున్నవ్, దాని మీదనే జాసూసీయా?" అని అతను నవ్వాడు.

సాయంత్రం అతను దింపిన ఎర్రచీమ ముందు మినుకు నిలవలేకపోయింది. చందన బాబాయి వంక చూడలేదు, తల్లినే చూసింది.

"నీకొక్కదానికే చెప్పిన కదమ్మా."

తాను బడి మానాక, తనను పక్కన కూర్చోబెట్టుకుని ఏదైనా వివరంగా చెప్పింది ఆ పిల్ల ఒక్కతేనని దుర్గాభవానికి అప్పుడు తట్టింది.

చందన ఆట మానలేదు. కొత్త జీవిని పెంచుతోంది.

"దీనికి ఏదంటే భయం బిడ్డా?" అని తల్లి అడిగితే, "దేనికీ భయపడదు," అని ఫోన్ అటు తిప్పుకుంటుంది.