చుక్క గుర్తున్న మాట

"చుక్క. ఫకియో. నేను చేస్తాను. కామా."

చదువరి ఆగి, గోరువెచ్చటి నీళ్లు గుటకేశాడు. బల్లకు అటువైపు దిద్దుడమ్మ ప్రూఫు మీద ఎర్ర పెన్సిలు ఆనించి ఎదురుచూస్తోంది. ఆ ప్రెస్సులో పద్ధతి అది. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చుతో సరిచూడాలి. కామా కూడా వదలకూడదు. ఆ బల్లకు చెరోవైపు కూర్చునే ఇద్దరి జుట్టూ నెరిసింది.

"గొంతు గరగరలాడుతోంది. ఆపేద్దామా అన్నయ్యా?"

"మనమెందుకు ఆపడం? రేపు డాక్టరే ఆపుతాడుగా."

రేపు ఉదయం ఆపరేషన్. గొంతులో పెరిగిన గడ్డను స్వరపేటికతో సహా తీసేస్తారు. ప్రాణానికి ఢోకా లేదు. మాట మాత్రం ఇక రాదు.

పొద్దున గడప దగ్గర భార్య అతని మెడకు మఫ్లర్ చుడుతూ అంది. "ఊళ్లో వాళ్ల రాతలన్నీ చదివిపెట్టారు. ఇంట్లో మాత్రం నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు కూర్చున్నారు. సాయంత్రానికి కాస్త గొంతు మిగుల్చుకుని రండి. నాక్కూడా ఏదైనా చదవండి. మందుసీసా మీద కాగితమైనా సరే."

అతను తలూపాడు. ఇంట్లో అతని జవాబులన్నీ అవే.

కానీ మాటల పుట్టుకలు చెప్పే నిఘంటువు ఆఖరి పేజీ ఈ రోజే మిషనెక్కాలి. చదువరిది సన్నటి ఒళ్లు, వంగిన వీపు. వరుస తప్పకుండా చెక్క స్కేలును రాతప్రతి మీద ఒక్కో పంక్తీ కిందికి జరుపుతూ చదువుతున్నాడు.

"లాటిన్‌కూ దాని తోబుట్టువులకూ తల్లి అయిన భాషలోది ఈ క్రియ. ఫుల్‌స్టాపు. ఆ భాషలో రాసిన ముక్క ఒక్కటీ దొరకలేదు. ఫుల్‌స్టాపు. పిల్లల పోలికలు చూసి తల్లి ముఖం గీసినట్టు, కామా, పుట్టిన మాటలను బట్టి దీన్ని ఊహించారు. ఫుల్‌స్టాపు. ఎవరూ రాయగా చూడని, పలకగా వినని మాటకు ముందు నక్షత్రంలాంటి చుక్క గుర్తు పెడతారు."

దిద్దుడమ్మ పెన్సిలు కదలడం మానేసింది. ఇలాంటి చుక్కలు వేలకొద్దీ సరిచూసింది. దేన్ని సరిచూస్తోందో ఇవాళే విన్నట్టుంది ఆమెకు.

"దీని మూలానికి మొదటి అర్థం పెట్టడం. ఫుల్‌స్టాపు. తూర్పుకు వెళ్లి సంస్కృతంలో ధా అయింది. సెమీకోలన్. విధి, కామా, నిధి, కామా, శ్రద్ధ అక్కడివి. ఫుల్‌స్టాపు. పడమటికి వెళ్లి చేయడం అయింది. సెమీకోలన్. ఫ్యాక్టరీ అక్కడిది."

పక్క గదిలో మిషన్లు దడదడలాడుతున్నాయి. శ్రద్ధ, ఫ్యాక్టరీ రెండూ ఒకే ఇంటి మాటలు! దిద్దుడమ్మ అటు తల తిప్పి చూసింది.

స్కేలు జరిగింది. "చుక్క. ఫకిస్. నువ్వు చేస్తావు. కామా. ఫకిత్. అతను చేస్తాడు."

"చుక్క చదవలేదు అన్నయ్యా."

ఇన్నేళ్లలో అతను గుర్తు వదలడం అదే మొదలు. తలెత్తి చూశాడు. కళ్లు నవ్వుతున్నాయి.

"చుక్కెందుకు? ఇప్పుడు నువ్వు విన్నావుగా."

"నేను విన్నానని మిషన్‌వాడికి చెప్పనా? చదువు."

"చుక్క. ఫకిత్." గొంతు చీలింది. "చుక్క. ఫకియొమొస్. మేము చేస్తాము." సగం గాలే వచ్చింది. "చుక్క. ఫకితెస్. మీరు..."

పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. నీళ్లు తాగాడు. మళ్లీ ప్రయత్నించబోతే ఆమె చటుక్కున స్కేలు మీద చెయ్యి పెట్టింది.

"ఇంకొక్కటే గదా. అది నేను కళ్లతో చూసుకుంటాను."

పద్ధతి కాదన్నట్టు అతను తల అడ్డంగా ఊపాడు.

"పద్ధతి నాకు తెలుసు. పొద్దున వదిన ఫోన్ చేసింది. మిగిలిన గొంతు ఆవిడది." ప్రూఫు నకలొకటి మడిచి అతని జేబులో పెట్టింది. "వెళ్లు."

అతను లేచాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి చూశాడు. మిషన్ల వైపు, బల్ల వైపు, ఆమె వైపు. తలూపి వెళ్లిపోయాడు.

ఇంట్లో దీపం పెట్టే వేళ. ఆస్పత్రికి సంచి సర్దుతున్న భార్య అతని ముఖం చూసి ఉసూరుమంది. "గొంతు అయిపోయిందా? నాకు తెలుసులెండి."

అతను ఆమెను వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని కాగితం విప్పాడు. ఆఖరి పంక్తి మీద వేలు పెట్టాడు. చాలాసేపు గాలి కూడదీసుకున్నాడు.

"చుక్క." చెవి దగ్గర పెడితేనే వినిపించేంత సన్నగా. "ఫకియొంత్. వాళ్లు చేస్తారు."

"ఎవరన్నారా మాట?"

"ఎవరో. అని ఉంటారు."

ఆమె నవ్వింది. కాగితం మీద పై పంక్తులు చదివేసరికి ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. రాత లేని ఆ జనం పొయ్యి ముందు అనుకున్న మాట ఇన్ని వేల ఏళ్లు దాటి తన వరండాలోకి వచ్చింది.

"ఫకియొంత్," అంది నెమ్మదిగా. "సరిగ్గా అన్నానా?"

అతను తలూపాడు. ఆ తర్వాత మళ్లీ మాట్లాడలేదు. ఇక మాట్లాడలేడు కూడా.

మర్నాడు దిద్దుడమ్మ ఒక్కతే బల్ల ముందు కూర్చుంది. కొత్త రాతప్రతి వచ్చింది. ఇటు అచ్చు, అటు రాత పెట్టుకుని, కామాలతో సహా పైకి చదవడం మొదలుపెట్టింది. ఎదుటి కుర్చీ ముందు చెక్క స్కేలు ఉంది, అతని బొటనవేలు ఆనిన చోట అంకెలన్నీ అరిగి, నున్నగా పల్లం పడి.