మొగుని పేరు మీద ముప్పై ఒక్క కవితలు

సుచరిత చేసిన తప్పు ఒక్కటే. ఆర్కుట్‌లో ఖాతా తెరిచిన రోజు మొగుని పేరు పెట్టనిచ్చింది.

"ఆడపేరు చూస్తే పోకిరీనాయాళ్లు ఎంటబడతారు. నా పేరు పెట్టు" అన్నాడు వాసుదేవ్. ఎరువుల కొట్టు మీది గదిలో కంప్యూటర్ అతనిది, నెట్ కనెక్షన్ అతనిది. సరేనంది. రెండేళ్లలో ముప్పై ఒక్క కవితలు ఎక్కించింది. తెలుగు కవితల కమ్యూనిటీలో కడపవాళ్లు, కర్నూలువాళ్లు, ముఖం తెలియనివాళ్లు ఆ పేజీ మీద మెచ్చుకుంటూ స్క్రాపులు రాశారు. "వాసుదేవ్ గారూ, చంపేశారు సార్!" అని. ఆ 'సార్' చూసి మొదట్లో నవ్వుకునేది.

ఆ ఏడు వాసవీ జయంతికి ఆత్మకూరు ఆర్యవైశ్య సంఘంవాళ్లు పిలుపు కార్డులు కొట్టించారు. మన కవి వాసుదేవ్‌కు సన్మానమట. సంఘానికి పెద్ద ఎవరనుకున్నారు? ఆమె మామ వీరభద్రయ్యే. "ఇంత కవిని ఇంట్లో పెట్టుకోని చెప్పవేమప్పా" అని కర్నూలు వర్తకుడొకాయన అడిగేసరికి ఆయన ఉబ్బిపోయాడు.

"రాసింది నేనని మామకు చెప్పండి" అంది సుచరిత మొగునితో.

"కార్డులు పంచినాక యాడ చెప్పేది? నాయన తలకాయ యాడ పెట్టుకోవల్ల? ఒక్క పూటే కదా, కానీ. ఆ శాలువా నువ్వే కప్పుకుందువులే."

"శాలువా మీరే కప్పుకోండి. నాకు నా పేరు కావల్ల."

"శానా మాట్లాడతాండావే!" అని నవ్వి కిందికి పోయాడు.

జయంతి నాడు నూటొక్క కలశాలు. కలశం ఎత్తుకున్న ఆడది అమ్మవారిశాల గుడిలో దించేదాకా నోరు విప్పకూడదు. ఆ ఊరి కట్టు అది. అత్త రాజ్యలక్ష్మమ్మ కోడలి నెత్తిన కలశం పెట్టి, "నోరు బద్రం" అంది. తెలిసి అందో, తెలియక అందో.

బజారు కూడలిలో ఊరేగింపు ఆపారు. షామియానా కింద మగవాళ్లు, కుర్చీలు, ఫ్యాన్లు. నడిరోడ్డు మీద నూటొక్క మంది ఆడవాళ్లు, నెత్తిన నీళ్లతో, కాళ్ల కింద కాలే తారుతో. దీన్నే భక్తి అంటారు.

శాలువా కప్పించుకుని వాసుదేవ్ మైకు పట్టుకున్నాడు. చేతిలో కాగితం లేదు. కవికి కాగితమెందుకు?

"ఏడు నూర్ల అడుగులు బోరు దిగినా
దుమ్మే లేచిందన్నారు.
నన్నెవరూ తవ్వి చూడలేదు.
నీళ్లు..."

ఆగాడు. నుదురు తుడుచుకున్నాడు. "నీళ్లు... నాలో లేవు" అని ముగించాడు.

"ఉన్నాయి!" అని అరిచింది సుచరిత. "నీళ్లు నాలోనే ఉన్నాయి! అదీ ఆఖరి మాట!"

షామియానా కింద తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. తర్వాత సంఘం కార్యదర్శి శాంతయ్య మైకు లాక్కున్నాడు.

"చూస్తిరామ్మా! మొగుని కవితను పెండ్లాం కంఠతా పట్టింది! కట్టు కూడా మరిచిపోయింది పాపం. ఇల్లాలంటే ఇట్లుండల్ల!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఆమె మొగుడు కూడా కొట్టాడు. మేళం ఎత్తుకున్నారు, ఊరేగింపు కదిలింది.

"రాసింది నేను" అంది సుచరిత, పక్కన కలశంతో నడుస్తున్న కృష్ణవేణమ్మతో.

ఆమె తల తిప్పలేదు. పెదవులు కదిలీ కదలకుండా, "తెల్సులేమ్మా. ఊరందరికీ తెల్సు. మీ మామ చూస్తాండాడు, నడువు" అంది.

మూడో రోజు వాసుదేవ్ కంప్యూటర్ ముందు కూర్చుని ఆమెను పిలిచాడు. "కొత్తది కావల్లని స్క్రాపుల మీద స్క్రాపులు. చెప్పు, నేను కొడతా."

పొద్దుటి నుంచీ ఒక కవిత నోటిదాకా వచ్చి ఉంది. చెబితే అతనిది. చెప్పకపోతే ఎవరిదీ కాదు. కీబోర్డు మీద సిద్ధంగా ఉన్న అతని వేళ్లను చూసింది.

"రాలే" అంది.

"పోనీలే, నిదానంగా చెబుదువు. అందాక పాతవి శానా ఉండాయి కదా, పుస్తకం ఏయిస్తాండాడు నాయన. అట్ట మీద నా ఫోటో." ప్రింటు తీసిన కాగితాల కట్ట ఆమె చేతిలో పెట్టాడు. "తప్పుల్లేకుండా నువ్వే చూసిపెట్టల్ల."