కలవని గళ్లు

"ఉప్పు తక్కువైంది," అంది అత్తగారు జ్ఞానప్రసూనాంబ, పచ్చడి నాలుకకు రాసుకుని. "మనసు ఆఫీసులో పెట్టుకుంటే ఇంతేలే."

అపూర్వ ఉప్పు వేసి మళ్లీ మిక్సీ పెట్టింది. మనసు నిజంగానే ఆఫీసులో ఉంది. నిన్న సాయంత్రం చూసిన లెక్క ఒకటి ఆమెను వదలడం లేదు. భర్త కౌస్తుభ్‌కి చెప్పబోతే, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే, "నీకు కుక్కర్ విజిలేసినా భయమేగా!" అన్నాడు. పెళ్లయిన కొత్తలో ఆ మాట ముద్దుగా అనేవాడు. ఇప్పుడు ఆమె ఏం చెప్పబోయినా దాంతోనే కొట్టేస్తాడు.

హైదరాబాదు నిండా కంపెనీ బోర్డులు లేస్తున్న రోజులవి. జూబ్లీహిల్స్‌లో ఆమె పనిచేసే కంపెనీ ఇనుప కట్టడాలు బరువుకు ఆగుతాయో లేదో కంప్యూటర్లో లెక్కకట్టి చెబుతుంది. ఈసారి వచ్చింది ఫిల్మ్‌నగర్‌లో పాట కోసం కట్టిన ఎత్తయిన వేదిక. లెక్క కోసం కట్టడాన్ని బొమ్మలో చిన్న చిన్న గళ్లుగా కోస్తారు. ఆ గళ్ల అల్లికనే మెష్ అంటారు. వేదికకు మేనేజరు చలపతిరావు పెద్ద గళ్లు వేశాడు. దాన్ని మోసే బ్రాకెట్లకు అపూర్వ సన్న గళ్లు వేసింది. ఈ గళ్ల మూలలూ ఆ గళ్ల మూలలూ కలవవు. సాఫ్ట్‌వేరులో జత కలిపితేనే పైబరువు కిందికి దిగుతుంది. ఆ జత కలిపింది చలపతిరావే. బ్రాకెట్లు చల్లగా, బరువు తక్కువని చెప్పే నీలం రంగులో వచ్చాయి. 'సేఫ్' అని రిపోర్టు వెళ్లిపోయింది.

ఆ నీలమే ఆమెను భయపెట్టింది. పైన పెట్టిన బరువులో బ్రాకెట్లకు దిగింది పిసరంత. జత అక్కడక్కడే అతికింది. మిగతా బరువంతా పక్కనున్న ఊతాలు మోసినట్టు చూపించింది. ఆ ఊతాలు నిజానికి అంత గట్టివి కావు. ఆ ఉదయం వంట ముగించి ఆఫీసుకు వెళ్లగానే జత సరిచేసి లెక్క మళ్లీ నడిపింది. బ్రాకెట్లు ఎర్రగా మండాయి. అంటే బరువుకు ఆగవు.

"షూటింగ్ ఇవాళే. ఇప్పుడు కాదంటే కంపెనీ పరువేం కావాలి?" అన్నాడు చలపతిరావు. "ఎరుపు చూడగానే మీ ఆడవాళ్లకు కంగారు. ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోమ్మా."

ఆమె బ్యాగు తీసుకుని బయటికొచ్చి ఆటో ఎక్కింది. ఇంటికి కాదు, ఫిల్మ్‌నగర్‌కి. తన లెక్క తప్పయితే ఉద్యోగం పోతుంది, ఇంట్లో జన్మంతా నవ్వుతారు. తప్పు కాకపోతే? ఆ ఆలోచన ఇంకా భయంకరం.

సెట్లో మెరుపు పావడాల అమ్మాయిలు నిచ్చెన దగ్గర వరుసలో ఉన్నారు. ముందున్న పిల్ల గజ్జెలు బిగించుకుంటోంది. అపూర్వ తిన్నగా వెళ్లి నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చుంది.

సెట్ పనులు చూసే బాలనర్సయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా, గిట్ల కూసున్నవ్? జర లెవ్వు తల్లీ, షాట్ టైమైతుంది."

"మనుషుల్ని ఎక్కించొద్దు. ముందు ఇసుక బస్తాలు పెట్టి చూడండి." ఆమె మెట్టును రెండు చేతులా పట్టుకుంది. "రిపోర్టు తప్పు. నేనూ ఆ లెక్క కట్టినదాన్నే. బస్తాలు ఆగితే నన్ను తిట్టండి, లేస్తాను."

ఎవరో నవ్వారు. బాలనర్సయ్య నవ్వలేదు. వణుకుతున్న ఆమె చేతుల్నే చూశాడు. "నిజంగనే భయపడ్తున్నవ్ గదమ్మా," అని వెనక్కి తిరిగి కేకేశాడు. "పోరగాండ్లు అందరు దూరం జరగాలె! బస్తాలు తెండ్రి!"

ఆమె భయాన్ని ఒక మనిషి నమ్మడం ఆమె ఎరిగినంతలో అదే మొదలు.

అపూర్వ కూడా లేచి దూరం జరిగింది. బస్తాలతో వేదిక నిండకముందే టప్పుమని ఏదో తెగింది. ఒక మూల కుంగి, బస్తాలు దొర్లిపడి, నేల మీద పగిలాయి. దుమ్ము రేగింది. గజ్జెల పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అపూర్వ ఆ పిల్ల దగ్గర నేల మీద కూర్చుంది.

ఫోన్ మోగింది. కౌస్తుభ్.

"సెట్ వాళ్లు చెప్పారట, చలపతిరావు గారు ఫోన్ చేశారు. ఎవర్నడిగి వెళ్లావక్కడికి? ఇంత ధైర్యం ఎక్కణ్నించొచ్చింది నీకు?"

ఆమె పక్కకు జరిగి, ఏడుస్తున్న పిల్లను దగ్గరికి తీసుకుంది. గొంతు ఇంకా వణుకుతూనే ఉంది. దాన్ని దాచుకోవాలనిపించలేదు.

"ధైర్యం కాదండీ, భయమే. మీరంటే ఉన్న భయం కంటే పెద్ద భయం ఒకటుందని ఇవాళే తెలిసింది."