సరిచేసిన వంకర

గీతల మాస్టారు పనిచేసేది పేటెంట్ల లాయరు గారి ఆఫీసులో. దేశంలో ఎవరు కొత్త పరికరం కనిపెట్టి విదేశంలో పేటెంటు కోరినా, దాని బొమ్మ గీసి భాగాలకు అంకెలు వేసేది ఆయనే. ముప్ఫై ఏళ్ళలో ఆయన గీత ఒక్కసారైనా వణికిన పాపాన పోలేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా తనే పదిమందికీ చెప్పుకునేవాడు.

సొంత దేశంలో పేటెంటు వస్తే మనవాళ్ళు మనవాళ్ళకే ఇచ్చుకున్నారంటారు. పరాయివాళ్ళు మన మొహం చూసి ఇవ్వరు కదా! అందుకే ప్రభుత్వం ఏటా వేసే నివేదికలో దేశం తెలివికి కొలత ఆ విదేశీ పేటెంట్ల లెక్కే. కిందటి రెండేళ్ళూ ఆ గడిలో సున్నాలే. వాటిని చూసినప్పుడల్లా మన బుర్రలింతేనని మాస్టారు పెదవి విరిచేవాడు.

ఈసారి ఆశంతా ఒక్క దరఖాస్తు మీదే. పెద్దాసుపత్రిలో మంచాలూ స్టాండ్లూ బాగుచేసే మనిషిది. అందరూ ఆమెను స్క్రూడ్రైవరమ్మ అంటారు. సెలైన్ సీసా అడుగంటగానే, కరెంటు అక్కర్లేకుండా గొట్టాన్ని తనంతట తానే నొక్కి మూసేసే తీగ ఒకటి తయారుచేసింది. అవతలి దేశం నుంచి ఉత్తరం వచ్చింది: బొమ్మలో ఉన్నట్టు చేస్తే ఇది పనిచేయదు, మూడు నెలల్లో జవాబు రాకపోతే కొట్టేస్తాం. లాయరు గారు చేతులెత్తేశారు. మాస్టారికి ఒళ్ళు మండింది. తన బొమ్మకే వంకలు పెడతారా? అప్పట్లో ఆమె పంపిన పెన్సిల్ బొమ్మ చూసి గీశాడే గాని పరికరాన్ని చూడలేదు. కళ్ళారా చూసి తేల్చుకుంటానని ఆసుపత్రికి బయల్దేరాడు.

ఆమె తన రిపేరు గదిలో నీళ్ళు నింపిన సీసాను తీగకు తగిలించింది. చుక్కలు పడసాగాయి. సీసా తేలికవుతున్న కొద్దీ తీగ వెంట్రుకవాసి చొప్పున లేస్తోంది, చుక్కల వేగం మాత్రం తగ్గలేదు. ఇక గుక్కెడే మిగిలిందనగా తీగ టక్కున తిరగబడి గొట్టాన్ని నొక్కేసింది. ఎవరూ ముట్టుకోలేదు. మాస్టారు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మళ్ళీ చెయ్యమన్నాడు. నాలుగుసార్లు చూశాడు, నాలుగుసార్లూ ఒళ్ళు జలదరించింది.

అప్పుడు కనబడింది, తీగ మధ్యలో గోరంత వంకర. చివరిదాకా ఓపికపట్టి ఒక్కసారిగా తిరగబడేలా చేస్తున్నది అదే. తిన్నని తీగయితే మొదటినుంచీ కొద్దికొద్దిగా నొక్కుతూ రోగికి మందు అందకుండా చేసేది. ఆ వంకర ఆమె పెన్సిల్ బొమ్మలోనూ ఉంది. చదువులేని మనిషి, చెయ్యి వణికిందనుకుని, జాలిపడి, స్కేలు పెట్టి తిన్నగా గీసింది తనే.

మాస్టారు ఆ వంకరను వేలితో చూపించాడు.

"నీ తెలివంతా ఆ వంకరలోనే ఉందమ్మా. దాన్ని నేనే చెరిపేశాను."

తన పెన్సిల్ బొమ్మ ఏమైందని ఆమె అడిగింది. అదృష్టం కొద్దీ అవతలి దేశానికి మొదట పంపిన దరఖాస్తు కాగితాలకు అది జతచేసే ఉంది. లాయరు గారు దాన్నే సాక్ష్యంగా చూపి, వంకర ఉన్న బొమ్మతో జవాబు పంపారు. ఏడు నెలలకు పేటెంటు వచ్చింది.

ఆ ఏటి నివేదిక అచ్చవగానే ఆయన దాన్ని పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. గడిలో ఒకటి అంకె. దేశం మొత్తానికి నువ్వొక్కదానివే తల్లీ అని చూపిస్తుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె చూపు పైనున్న రెండు సున్నాల దగ్గర ఆగింది.

"ఆ రెండేళ్ళూ మీరు బొమ్మలు గీయలేదా, మాస్టారూ?"

"గీశాను. పదకొండు. అన్నీ కొట్టేశారు."

ఆ మాట తన నోటనే విన్నాక ఆయన కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. పదకొండు మంది పంపిన పెన్సిల్ బొమ్మలూ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. వాటిల్లో ఏయే వంకరలు తను సరిచేశాడో ఎంత ఆలోచించినా ఆయనకు గుర్తురాలేదు.