రెండో మాత్ర

“ఉప్పు డబ్బా ఎక్కడ దాచావే?”

“దాచలేదు. పై అలమరలో పెట్టాను,” అంది కూతురు, జడ అల్లుకుంటూనే.

“అందకుండా పెడితే దాన్ని దాచడమనే అంటారు.”

“బీపీ చూసి డాక్టరమ్మ ఏమందో నువ్వే చెప్పావుగా. కూరలో వేసింది చాలు.”

“పందొమ్మిదేళ్ళుగా ఒక్క పూట తప్పకుండా మాత్ర వేసుకుంటున్నదాన్ని. నాకు పథ్యం నేర్పుతావా?”

ఆ మాత్ర మాట వస్తే ఆ ఇంట్లో ఎదురు చెప్పేవాళ్ళు లేరు. అల్లుడు పేపరు కాస్త పైకెత్తి నవ్వు దాచుకున్నాడు.

ఆమె సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది. సంచీ అడుగున కాగితం పొట్లంలో ఉప్పు ఉన్న సంగతి వాళ్ళిద్దరికీ తెలీదు.

లాండ్రీలో ఇస్త్రీ గది మేడ మీద. ఇరవై రెండు మెట్లు. ఒకప్పుడు బట్టల మూటతో గబగబా ఎక్కేది. ఈమధ్య పదమూడో మెట్టు దగ్గర, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, ఊపిరి అందేదాకా ఆగుతోంది. పైకెళ్ళాక మాత్రం చెయ్యి తడబడదు. ముందు కాలరు, కొసల నుంచి మధ్యకి. తర్వాత భుజాలు, చేతులు. బొత్తాల మధ్య పెట్టె ముక్కు తిప్పడం అక్కడ ఆమెకే వచ్చు. మధ్యాహ్నం దాకా ముప్పై చొక్కాలు చేసి, సెలవడిగి ఆస్పత్రికి వెళ్ళింది.

హెచ్.ఐ.వి. మందులిచ్చే గది బయట గోడవారన బెంచీ. మూడు నెలలకోసారి అక్కడ, తనలాగే మందులకొచ్చే డ్రైవరన్నయ్య తన గొడుగు అడ్డంపెట్టి ఆమెకు చోటు ఆపేవాడు. ఇవాళ గొడుగుంది. పక్కన అతని భార్య ఉంది.

“అన్నయ్య రాలేదా వదినా?”

“పోయి నెల దాటింది. గుండెపోటు. మిగిలిన మాత్రలు తిరిగిచ్చేద్దామని వచ్చాను.”

“మందు మానేశాడా?”

“ఒక్క రోజు మానలేదు. రక్తంలో వైరస్ కనపడటం లేదన్న కాగితం దిండు కింద పెట్టుకునేవాడు. గుండెకి ఇంకో మాత్ర వేసుకోమంటే ఆ కాగితమే చూపించి నవ్వేవాడు. అందులో గుండె ఊసు ఉండదని మాకేం తెలుసు?”

లేస్తూ గొడుగు ఆమె చేతిలో పెట్టింది. “ఇంట్లో దీన్ని చూడలేకపోతున్నాను. నీ దగ్గరుండనీ.”

అలాంటి గుండె మాత్రే పోయినసారి డాక్టరమ్మ రాస్తానంటే ఆమె కూడా వద్దంది. ఒక్క మాత్రతో బతికి బట్టకట్టింది. రెండోది వచ్చిందంటే మొదటిది ఓడిపోయినట్టే అనిపించింది. ఇవాళ మాత్రం డాక్టరమ్మకి పదమూడో మెట్టు సంగతి చెప్పింది.

డాక్టరమ్మ ఈసీజీ తీయించి చూసింది. “వైరస్ అణిగే ఉందమ్మా. కానీ లోపల సన్నటి సెగ మిగిలే ఉంటుంది. దాంతో రక్తనాళాలు తొందరగా పాడవుతాయి.”

ఆ మాట ఆమెకు వెంటనే అర్థమైంది. స్విచ్ ఆపిన ఇస్త్రీపెట్టెను చొక్కా మీద వదిలేస్తే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

“అయినా గుండెజబ్బు పెద్దవాళ్ళకి కదండీ?”

“మీకెన్నేళ్ళు?”

“యాభై ఆరు,” అని, తన మాట తనకే వింతగా వినిపించి ఆగిపోయింది. పందొమ్మిదేళ్ళ కిందట ఇదే గదిలో, కూతురు పదో తరగతి దాటేదాకా బతికిస్తే చాలని అడిగింది. ముసలితనం గురించి అడగాలని కూడా తోచలేదు. అడక్కుండానే ఇచ్చారు.

“రాయండి డాక్టరమ్మా,” అంది.

రాత్రి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

“రేపట్నుంచి నాకు రెండు మాత్రలు,” అంది ఆమె. “వచ్చే వారం గుండెకి పెద్ద పరీక్ష. మూటలు మొయ్యను. కింద మడతల బల్ల దగ్గర పనివ్వమని అడుగుతాను.”

కూతురి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “ఏమైందమ్మా?”

“ముసలిదాన్నవుతున్నానే. అందరిలాగే.”

సంచీలోంచి పొట్లం తీసి కూతురి ముందు పెట్టింది. “ఇది కూడా ఆ పైనే పెట్టు.”

ఈసారి అల్లుడు నవ్వు దాచుకోలేదు.

తలుపు వెనక కొక్కేనికి గొడుగు వేలాడుతోంది. దాని పట్టీకి, ఎప్పుడో ఆ బెంచీ మీద కూర్చుని ఆమె కుట్టిచ్చిన తెల్ల చొక్కా బొత్తం.